ఓడ దిగే రోజు గురించి పెద్దమ్మ రాసిన ఉత్తరం

చి. అమ్మలూ,

క్రూయిజ్ బుక్ చేశామని ఫోన్ చేసినప్పుడు ఓడ మీద ఏమేం ఉంటాయి, పిల్లలకి ఏం బాగుంటుంది, డ్రెస్సులు ఎన్ని తీసుకెళ్ళాలి అని గంటసేపు అడిగావు. వాటికి నేనక్కర్లేదు, ఓడ ఎక్కాక ఏ గంటకి ఏముందో వాళ్ళే రోజూ చెప్తారు. తిరిగి రావడం గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఎవరూ అడగరులే. వారం పాటు మంచం కూడా మనం సర్దుకోకుండా గడిపి, ఆఖరి రోజు తెల్లవారకముందే లేచి, పిల్లల్నీ పెట్టెల్నీ ఈడ్చుకుంటూ ఓడ, బస్సు, విమానం, కారు అన్నీ ఒకే రోజులో మారాలి. ఇంటికొచ్చేసరికి వెళ్ళిన సంతోషం సగం ఆవిరైపోతుంది. అందుకని నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

ముందు ఫ్లైట్ సంగతి. ఓడ పొద్దున్న ఆరింటికి రేవు చేరుతుందని టికెట్ మీద ఉంటుంది. అది చూసి మీ ఆయన పదింటి ఫ్లైట్ చవగ్గా వస్తోందంటాడు. ఒప్పుకోకు. ఆరింటికి చేరిన ఓడలోంచి ఆరింటికి ఎవరూ దిగరు. తాళ్ళు కట్టాలి, వంతెన వెయ్యాలి, వేలాది పెట్టెలు కిందికి దించాలి, కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్ళు సరే అనాలి. ఆ మాట వచ్చేదాకా ఒక్కర్నీ కదలనివ్వరు. ఆ తర్వాత కూడా విడతలవారీగానే పంపుతారు. ఏడింటికి మొదలైతే పదింటిదాకా సాగుతుంది. పొగమంచు పట్టి రేవులోకి ఓడల్ని రానివ్వకపోయినా, గాలి ఎక్కువై, ఓడకి రేవులోకి దారి చూపించే పైలట్ వచ్చే పడవ దగ్గరికి రాలేకపోయినా ఇంకా ఆలస్యం. మధ్యాహ్నం పన్నెండు లోపు ఫ్లైట్ ఏదీ తీసుకోవద్దు. వేరే దేశానికి వెళ్ళే ఫ్లైటయితే రెండు దాటాకే చూసుకో, దానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి కదా.

ఇంకోటి, బ్రోషర్లో ఊరి పేరు చూసి మోసపోకు. రోమ్ అని రాస్తారు, ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కణ్ణుంచి రోమ్ డెబ్బై కిలోమీటర్ల పైమాటే. లండన్ అంటారు, దిగేది సౌతాంప్టన్‌లో. హీత్రూ ఎయిర్‌పోర్టుకి వంద కిలోమీటర్లు దాటుతుంది. ఓర్లాండో అన్నా అంతే, ఓడ వచ్చేది పోర్ట్ కనావెరల్‌కి, ఎయిర్‌పోర్టు డెబ్బై కిలోమీటర్లు. మయామీ, బార్సిలోనాల్లో మాత్రం రేవు నుంచి ఎయిర్‌పోర్టు దగ్గరే. మీది ఏ రేవో చూసి, దూరం లెక్కేసుకుని అప్పుడు టికెట్ కొనండి.

నన్నడిగితే ఆ రాత్రి అక్కడే ఏదో ఒక హోటల్లో పడుకుని మర్నాడు బయల్దేరడం అన్నిటికంటే మేలు. ఇద్దరు చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. దండగ ఖర్చు అంటాడు మీ ఆయన. అననీ. సెలవులు లేకపోతే సరే, మిగతావి జాగ్రత్తగా చదువు.

ఇంటి ప్రయాణం ఓడ దిగే పొద్దున మొదలవుతుందనుకుంటారు చాలామంది. ముందు రోజు మధ్యాహ్నమే మొదలైపోతుంది. ఆ రోజు పిల్లల్ని ఈత కొలనులోకి పొద్దున్నే దింపి భోజనం వేళకి బయటికి తెచ్చెయ్యి. సాయంత్రం దాకా వదిలావా, నాలుగు జతల తడి బట్టలు, వాటిని మూటగట్టిన ప్లాస్టిక్ కవర్లు సూట్‌కేసులో చేరతాయి. చాలా విమానాల్లో పెట్టెకి ఇరవైమూడు కిలోలే. ఓడలో బరువు చూసేవాళ్ళు లేరు కాబట్టి దారిలో కొన్నవన్నీ అందులోనే కూరి ఉంటారు. తడి బట్టల బరువుతో ఎయిర్‌పోర్టు కౌంటర్ ముందు నేల మీద పెట్టె విప్పుకుని కూర్చోవాల్సి వస్తుంది. స్నానాల గదిలో గోడకి చిన్న గుండ్రటి డబ్బీ ఉంటుంది చూడు, దాని మూతి పట్టుకుని లాగితే తీగ వస్తుంది, ఎదుటి గోడకి తగిలించొచ్చు. మధ్యాహ్నం ఆరేస్తే రాత్రికి ఆరిపోతాయి.

పెద్ద పెట్టెల్ని ఆ రాత్రే గది బయట పెట్టమంటారు, పదింటికో పదకొండింటికో. రంగు రంగుల ట్యాగులు నంబర్లతో ఇస్తారు, అవి కట్టి పెడితే సిబ్బంది పట్టుకెళ్ళిపోతారు. మళ్ళీ ఆ పెట్టెలు కనపడేది మర్నాడు టెర్మినల్లోనే. మధ్యలో ఏం కావాలన్నా దొరకదు. ఒకసారి మా వరసలో గది ఆయన, పాపం, ఇస్త్రీ మడత నలగకుండా ప్యాంట్లన్నీ చక్కగా సర్ది బయట పెట్టేశాడు. పొద్దున్న చూసుకుంటే ఒంటి మీద పైజామా తప్ప ఇంకేం లేదు. అదే వేసుకుని ఇమిగ్రేషన్ క్యూలో దర్జాగా నించున్నాడు, అది వేరే సంగతి. నువ్వు మాత్రం పెట్టె మూసే ముందు మంచం మీద ఒక్కొక్కళ్ళకీ రేపటి జత విడిగా తీసి పెట్టు, లోపలి బట్టలు, చెప్పులతో సహా. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులన్నీ, ఛార్జర్లు, కళ్ళజోళ్ళు, నగలు, చిన్నదాని బొమ్మ, ఇంకో జత బట్టలు చేతి సంచిలోకే. మీ అత్తగారి బీపీ మాత్రలు ఆవిడ సంచిలో కొన్ని, నీ సంచిలో కొన్ని ఉంచు.

ఓడలోనో, మధ్యలో ఆగిన ఊళ్ళోనో మద్యం సీసాలేమైనా కొంటే వాటిని ఓడవాళ్ళే దాచి ఆఖర్లో ఇస్తారు. సరిగ్గా పెట్టెలన్నీ మూసేశాక వచ్చి తలుపు కొడతారు. విమానంలో చేతి సంచిలో వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదీ సాధారణంగా పోనివ్వరు. అందుకని ఒక పెట్టె కాస్త ఖాళీగా, మూయకుండా ఆఖరిదాకా ఉంచు.

మన పెట్టెలు మనమే మోసుకుని అందరికంటే ముందు దిగిపోయే పద్ధతి కూడా ఉంది. కుర్రజంటలకి అది బావుంటుంది. మీకొద్దు. ఆ పొద్దున లిఫ్టుల్లో కాలు పెట్టే చోటుండదు, మెట్ల మీద ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో పిల్ల అంటే ఎవరో ఒకళ్ళు పడతారు. అత్తగారికి వీల్‌చైర్ కావాలని ముందు రోజే రిసెప్షన్లో చెప్పి పేరు రాయించు. ఆవిడ వద్దంటుంది, నేను నడవగలను అంటుంది. నడవగలదు, కానీ గంటన్నర నించోలేదు. ఆ తేడా ఆవిడకి నువ్వు కాకుండా మీ ఆయన చెప్పాలి.

బిల్లు ముందు రాత్రే చూసుకోండి. తప్పేదైనా ఉంటే అప్పుడే అడగాలి, పొద్దున్న ఆ కౌంటర్ ముందు క్యూ కదలదు.

పొద్దున్న వాళ్ళు తరిమేస్తున్నట్టు అనిపిస్తుంది. వారం పాటు పేరు పెట్టి పిలిచి నవ్విన మనుషులే ఎనిమిదింటికల్లా గది ఖాళీ చెయ్యమంటారు. మనసులో పెట్టుకోకు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడలో నిండుగా ఉంటే 7,600 మంది ప్రయాణికులు పడతారు. వాళ్ళందరూ దిగడం, గదులన్నీ కడగడం, సరుకులు ఎక్కించడం, కొత్తవాళ్ళు ఎక్కడం అన్నీ ఆ ఒక్క పగట్లోనే జరగాలి, సాయంత్రానికి ఓడ మళ్ళీ బయల్దేరాలి. గది ఊడ్చే ఆ అబ్బాయికి ఆ రోజు మనకంటే కష్టం. పెద్దవాడి చేత ఆయనకి థాంక్స్ చెప్పించు.

గది వదిలే ముందు ఓ ఐదు నిమిషాలు నువ్వొక్కదానివే ఉండి చూడు, మిగతావాళ్ళని బయటికి పంపెయ్యి. లాకర్ తెరిచి చెయ్యి లోపలిదాకా పెట్టి తడుము. దుప్పట్లు దులుపు, తెల్ల బొమ్మలు తెల్ల దుప్పట్లో కలిసిపోతాయి. మంచం కింద, కర్టెన్ వెనక, చిన్న ఫ్రిజ్‌లో చూడు. గోడలు ఇనుపవి కాబట్టి టోపీలు తగిలించుకోడానికి అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్తారు చూశావూ, అవి తలుపు వెనకే ఉండిపోతాయి. పిల్లల జేబులు కూడా చూడు. టిఫిన్ దగ్గర తినకుండా దాచుకున్న యాపిల్ పండొకటి కచ్చితంగా ఉంటుంది. పండ్లు, మాంసం, మొక్కలు ఓడ నుంచి ఒడ్డుకి తీసుకెళ్ళడం చాలా దేశాల్లో కుదరదు, కుక్కల చేత వాసన పట్టిస్తారు, జరిమానా కూడా ఉంటుంది. ఆ పండేదో అక్కడే తినిపించెయ్. దారికి అంగట్లో కొన్న బిస్కెట్ ప్యాకెట్లుంటే చాలు, అవీ అడిగితే చెప్పండి.

దిగేటప్పుడు ఓడవాళ్ళిచ్చిన కార్డు ఎవరిది వాళ్ళ చేతిలో ఉండాలి, చిన్నదానిది కూడా. ప్రతి ఒక్కరిదీ ఆఖరిసారి స్కాన్ చేస్తారు. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు మొదట్లోనే తీసేసుకుంటారు, మీదీ అలాంటిదైతే ముందు రోజే గుర్తుగా తెచ్చుకోండి. ఫోన్లు ఒడ్డు మీద కాలు పెట్టేదాకా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. ఓడ నెట్‌వర్క్ పట్టుకుందంటే ఆ రోమింగ్ బిల్లు చూసి ఏడవాలి.

ఇంక అసలు మాట. ఆ రోజు మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటారు. ఎంత అన్యోన్యంగా ఉన్నవాళ్ళైనా సరే. నిద్ర చాలదు, ఎవరి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో తెలీదు, పెద్దవాడు ఇంటికి రానని మొండికేస్తాడు, చిన్నది ఎత్తుకోమని ఏడుస్తుంది. కాగితాలన్నీ మీ ఆయన చూసుకోవాలి, పిల్లల్ని నువ్వు చూసుకో, లేకపోతే మార్చుకోండి. ఎవరి పని వాళ్ళదే, రెండోవాళ్ళు మధ్యలో "అది పెట్టావా, ఇది తీశావా" అని అడక్కూడదు. ట్రిప్పుకి ఎంతైంది, ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారు అన్న లెక్క ఆ రోజు ఎత్తొద్దు. పెద్దవాడు ఏడిస్తే ఏడవనీ, ఓడ వదిలిరావడం వాడికి నిజంగానే బాధ. మళ్ళీ వద్దాంలే అని లేనిపోని మాట ఇవ్వకు, వాడు రోజూ అడుగుతాడు.

ఒడ్డెక్కాక నేల ఊగుతున్నట్టుంటుంది. కంగారు పడకండి. వారం పాటు ఓడ ఊపుకి మెదడు అలవాటు పడిపోయింది, ఆ లెక్క మార్చుకోడానికి కాస్త టైము పడుతుంది. కళ్ళు మూసుకుని స్నానం చేస్తున్నప్పుడు ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి అత్తగారిని ఇంటికొచ్చిన మొదటి రోజు స్టూలు మీద కూర్చుని స్నానం చెయ్యమను. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బయట దూరంగా చూస్తూ నడిస్తే త్వరగా తగ్గుతుంది. నెల దాటినా ఊగుతూనే ఉంటే మాత్రం దాన్ని మాల్ డి డెబార్క్‌మెంట్ సిండ్రోమ్ అంటారు, డాక్టర్‌కి చూపించాలి. మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా అది ఓడ మహిమ కాదు, ఆ క్షణమే ఆసుపత్రికి.

ఊపుకి వాంతులు కాకుండా చెవి వెనక అతికించుకునే స్కోపొలమైన్ పట్టీ వాడినవాళ్ళకి అది తీసేశాక ఒకటి రెండు రోజుల్లో తల తిరగడం, వికారం రావచ్చు. తీసిన చేత్తో కళ్ళు నులుముకుంటే చూపు మసకేస్తుంది, వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. వయసు మళ్ళినవాళ్ళకి దానివల్ల మతి గందరగోళం కావచ్చు కూడా, అందుకే మీ అత్తగారికి డాక్టర్‌ని అడక్కుండా ఆ పట్టీ వేయించొద్దు.

రేవు దగ్గర కారు పెట్టి వెళ్తే, నిద్ర లేని కళ్ళతో, ఇంకా ఊగుతున్న తలతో మీ ఆయన అన్ని గంటలు బండి నడపడం నాకిష్టం లేదు. మధ్యలో ఆగి ఓ అరగంట కునుకు తీయమను. విమానంలో అయితే నాలుగు గంటలు దాటిన ప్రయాణం కాబట్టి అత్తగారిని గంటకోసారి లేపి నడిపించు, నీళ్ళు తాగించు. ఇన్నాళ్ళూ ఓడలో తిరిగిన కాళ్ళు ఒక్కసారిగా కదలకుండా ఉంటే పిక్కల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఇంటికి చేరిన రెండు రోజుల్లోపు ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే తిండి పడలేదని సరిపెట్టుకోకు. ఓడల్లో నోరోవైరస్ వ్యాపిస్తుంటుంది, సోకిన పన్నెండు నుంచి నలభైఎనిమిది గంటల్లో బయటపడుతుంది. చేతికి రాసుకునే శానిటైజర్‌కి అది అంతగా లొంగదు, సబ్బు పెట్టి నీళ్ళతో కడుక్కోవడమే. ఓఆర్ఎస్ పొట్లాలు చేతి సంచిలోనే పెట్టుకో. బాత్రూం బ్లీచింగ్‌తో కడుగు, తగ్గిన రెండు రోజుల దాకా పిల్లల్ని బడికి పంపకు. పసిపిల్లకి మూత్రం తగ్గిపోయినా, నాలుక ఎండిపోయినా ఇంట్లో కూర్చోవద్దు.

ఆఫీసుకి ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టండి ఇద్దరూ. ఆదివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున లాగిన్ అవుతామంటే నవ్వొస్తుంది నాకు. మురికి బట్టల పెట్టె ఒక్కటే ఆ రాత్రి విప్పి మెషిన్లో వెయ్యి, మిగతావి రెండు రోజులు హాల్లో ఉన్నా కొంప మునగదు. టికెట్లు తీసుకునే ముందు ఫ్లైట్ టైమ్ నాకు ఒకసారి మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ