టెక్ సందేహాలు: ఆ పాత గుహల పీడీఎఫ్ ఎక్కడ కొనాలి?

*మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్నేహితులతో కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతానని పట్టుబట్టాడు. కొత్తవాళ్లకు ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’ మంచిదని ఎవరో చెప్పారట. ఓ మెసేజింగ్ గ్రూపులో పీడీఎఫ్ ఉచితంగా దొరికింది. వాడొచ్చా సార్? ఒకే పేరుతో మూడు నాలుగు రకాలు కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలి?*
— ఓ తండ్రి, హనుమకొండ

ముందు ఆ గ్రూపు ఫైలు తీసేయండి. ధర్మపన్నాలు చెప్పడం లేదు. అసలుది డీఎమ్స్ గిల్డ్ సైట్‌లో సుమారు ఐదు డాలర్లకే దొరుకుతుంది. కార్డు తిరస్కరిస్తే కంగారు పడొద్దు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆపేసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, కొన్నాక మళ్లీ ఆపేయండి.

ఇక రకాల సంగతి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే పాచికలు వేస్తూ, మాటలతో కథ అల్లుకునే ఆట. ఈ ‘కీప్’ అందులో ఆడుకునే ఒక రెడీమేడ్ కథ పుస్తకం, అంటే మాడ్యూల్. ఒక సరిహద్దు కోట, దగ్గర్లో రాక్షసులుండే గుహలు, అదీ కథ. దీన్ని రాసింది గ్యారీ గైగాక్స్. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో ఈ ఆటను తెచ్చింది ఆయనే. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉన్న ఆయన కంపెనీ టీఎస్ఆర్, 1977లో కొత్తవాళ్ల కోసం ‘బేసిక్ సెట్’ అని ఓ పెట్టె అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో అందులో కథంటూ లేదు. గదుల మ్యాపు ముక్కలు, రాక్షసుల జాబితా పెట్టి, మిగతాది మీరే అల్లుకోండి అన్నారు. తర్వాత మైక్ కార్ రాసిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్’ చేర్చారు. దాని నంబరు బి1. 1979-80 నాటికి దాన్ని తీసేసి గైగాక్స్ రాసిన ఈ బి2 పెట్టారు. 1981లో నియమాలు తిరగరాసి కొత్త పెట్టె తెచ్చినా బి2 అందులోనే ఉంది. 1983 నాటి ఎర్ర పెట్టెలో మాత్రం లేదు. నేర్పే కథను నియమాల పుస్తకంలోనే కలిపేశారు. పెట్టెతోపాటు ఉచితంగా ఇంటికి చేరడం వల్లే బి2కి అంత పేరొచ్చింది. ఆ తరం అమెరికా పిల్లల్లో చాలామందికి మొదటి ఆట ఇదే.

మీకు కనిపిస్తున్న మిగతావి: 1999లో పాతికేళ్ల పండక్కి వచ్చిన ‘రిటర్న్ టు ది కీప్...’ పాత కథకు కొనసాగింపు. 2018లో గుడ్‌మన్ గేమ్స్ బి1, బి2లను కలిపి, ఐదో ఎడిషన్ నియమాలకు మార్చి, పాత పేజీలతో సహా గట్టి అట్టతో వేసింది. 2025లో వచ్చిన ‘హీరోస్ ఆఫ్ ది బోర్డర్‌ల్యాండ్స్’ అదే కోటను, అవే గుహలను కొత్త నియమాలతో పెట్టెగా కట్టింది. పిల్లలు రేపే ఆడాలంటే ఈ పెట్టె కొనండి. ఓపిక ఉంటే మాత్రం నా ఓటు పాత బి2కే. ఎందుకంటారా?

ఒక్క ముక్క చూపిస్తాను. కోటలో జనం చెప్పుకునే పుకార్లు ఇరవై ఉంటాయి. పాచిక వేస్తే ఏదో ఒకటి ఆటగాడి చెవిన పడుతుంది. వాటిలో కొన్ని పచ్చి అబద్ధాలు. ‘బ్రీ-యార్క్’ అంటే గాబ్లిన్లనే చిన్న రాక్షసుల భాషలో ‘లొంగిపోతున్నాం’ అని అర్థమట, ఇదొక పుకారు. నిజానికి అది తోటివాళ్లను కొట్లాటకు పిలిచే కేక. గుహలో గాబ్లిన్లు ఆ కేక పెట్టి, గోడ అవతలున్న ఓగర్ అనే రాక్షసుడికి 250 బంగారు నాణేల సంచి విసురుతారు. వాడు దుడ్డుకర్ర పట్టుకుని ఇవతలికి వస్తాడు. లొంగిపోయారనుకుని కత్తి దించిన పిల్లల మొహాలు చూడాలి! విన్నదల్లా నమ్మకూడదని మా వాట్సాప్ బంధువులకు నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయింది ఇదే.

అన్నట్టు, డంజియన్ మాస్టర్‌గా, అంటే కథ నడిపించే మనిషిగా కూర్చునేవాళ్లే ఇది చదవాలి. మీరు చదవండి, అబ్బాయిని చదవనివ్వకండి.

*పీడీఎఫ్ కొన్నాను. ఖాతాలో ఉంటుంది కదా, డౌన్‌లోడ్ చేసుకోవడం దేనికి?*
— విజయవాడ పాఠకురాలు

ఈ ఆట విషయంలోనే జరిగింది, అందుకే చెబుతున్నాను. టీఎస్ఆర్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొంది. 2009 ఏప్రిల్‌లో ఆ సంస్థ పైరసీని కారణంగా చూపి తన పీడీఎఫ్‌ల అమ్మకాలన్నీ ఉన్నపళంగా ఆపేసింది. డబ్బు కట్టినవాళ్లకూ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే దారి మూసుకుపోయింది. ఓ దుకాణం మర్నాడు మధ్యాహ్నం దాకా గడువిచ్చింది. పాత మాడ్యూళ్లు తిరిగి అమ్మకానికి వచ్చింది 2013లో. కాబట్టి కొన్నరోజే దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి దాచండి.

*బి2 మ్యాపు ప్రింట్ తీస్తే ఏమీ కనపడటం లేదు.*
— తిరుపతి పాఠకుడు

నాకూ ఇదే అయింది. జిరాక్స్ షాపులో ఇచ్చి పది నిమిషాలు నిలబడితే చేతికొచ్చింది దాదాపు తెల్ల కాగితం. కుర్రాడు టోనర్‌ను తిట్టుకున్నాడు కానీ తప్పు టోనర్‌ది కాదు. ఆ రోజుల్లో మ్యాపులను విడిగా ఉండే కవరు లోపలివైపు లేత నీలం సిరాతో అచ్చేసేవారు. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ నీలం ఎగిరిపోతుంది. మ్యాపు పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్ గ్యాలరీ ఎడిటర్‌లోనే బ్రైట్‌నెస్ తగ్గించి, కాంట్రాస్ట్ బాగా పెంచి ఇవ్వండి. లేదా రంగుల ప్రింట్ తీయించండి.

*పాత పుస్తకంలో గాబ్లిన్ ఆర్మర్ క్లాస్ 6 అని ఉంది. కొత్త నియమాల్లో అది మరీ తక్కువ కాదా? డాలస్‌లో ఉన్న మా అన్నయ్యతో ఆన్‌లైన్లో ఆడొచ్చా?*
— హైదరాబాద్ పాఠకుడు

ఆర్మర్ క్లాస్ అంటే దెబ్బ తగలకుండా కాచే రక్షణకు వేసిన అంకె. అప్పట్లో ఆ అంకె ఎంత తగ్గితే అంత గట్టి రక్షణ. 19లోంచి తీసేయండి, 13 వస్తుంది. అదే ఇప్పటి లెక్క. అన్నీ అలా మార్చుకుంటూ కూర్చోవద్దు. గాబ్లిన్, కోబోల్డ్, ఓగర్, మినోటార్‌ల కొత్త వివరాలు ఉచిత నియమాల పత్రం ఎస్ఆర్‌డీలో ఉన్నాయి. దాన్ని 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. ఆన్‌లైన్‌కు ఔల్‌బేర్ రోడియో అనే సైట్ చాలు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మ్యాపు ఎక్కించి, చూడని భాగాలను పొగమంచుతో కప్పేయొచ్చు. వేసవిలో మీ అన్నయ్యకు శనివారం రాత్రి ఎనిమిదైతే మీకు ఆదివారం ఉదయం ఆరున్నర. ఫిల్టర్ కాఫీ పెట్టుకుని కూర్చోండి.

*డంజియన్ మాస్టర్ పని ఏఐ చాట్‌బాట్‌కు అప్పగిస్తే?*
— విశాఖపట్నం పాఠకురాలు

సగం పనికి బాగుంటుంది. బి2 కోటలో మనుషులకు పేర్లుండవు. కోటపాలకుడు, పూజారి, కమ్మరి, అంతే. ఆ పేర్లు మనం పెట్టుకోవాలి. చాట్‌బాట్‌ను అడిగితే నిమిషంలో యాభై ఇస్తుంది, తెలుగు పేర్లు కావాలన్నా ఇస్తుంది. కానీ సంభాషణ సాగేకొద్దీ ఎన్ని గాబ్లిన్లు చచ్చాయో, ఏ తలుపు విరిగిందో మరిచిపోతుంది. ఆ లెక్క నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసుకోండి.

మ్యాపులో ఓ మూల ‘కేవ్ ఆఫ్ ది అన్‌నోన్’ అని ఉంటుంది. లోపలేముందో గైగాక్స్ రాయలేదు, కొత్త డంజియన్ మాస్టర్ సొంతంగా గీసుకోవాలని ఖాళీగా వదిలాడు. అది మాత్రం చాట్‌బాట్‌కు ఇవ్వకండి. గ్రాఫు కాగితం తెచ్చుకోండి, ఒక గడి అంటే పది అడుగులు.