టెక్ సందేహాలు: వరద సాయం ఏపీకే ఫైలుగా రాదు

ఇయర్‌ఫోన్ల గురించి, టీవీల గురించి అడిగినవాళ్లు ఈ వారం కొంచెం ఓపిక పట్టాలి. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పటి నుంచి నాకు వచ్చే మెయిళ్లలో ఇదే గోల. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడూ ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. షట్టర్ ఎత్తి, తడిసిన బస్తాలు రోడ్డు మీద వేసి, దుకాణంలో బురద తోస్తున్న మనిషి ఫోన్‌కు అదే పూట ‘సాయం’ లింకులు, ఏపీకే ఫైళ్లు (నొక్కితే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ వేసేవి) రావడం మొదలవుతుంది.

ప్రశ్న: మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ‘వరద సాయం లిస్ట్’ అని ఏపీకే ఫైలు వచ్చింది. పెట్టింది తెలిసినాయనే. నొక్కితే ఏదో అడిగింది, అలో ఇచ్చిన. తర్వాత ఏమీ తెరుచుకోలేదు, ఐకాన్ కూడా కనబడుత లేదు. లిస్టులో నా పేరు ఉందో లేదో ఎట్ల చూడాలి? (శివనగర్, కిరాణం షాపు)

అన్నా, ముందు ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపండి. మిగతాది తర్వాత చదవండి.

ఆపారా? లిస్టు లేదు, అందులో మీ పేరూ లేదు. మీరు నొక్కింది ఓటీపీలు దొంగిలించే యాప్. ఐకాన్ కనబడకపోవడం దాని లోపం కాదు, అది చేయాల్సిన పనే అది. మీరు ‘అలో’ అన్నది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి. అది కాక యాక్సెసిబిలిటీ అనే అనుమతి కూడా ఇచ్చి ఉంటే ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది. అది చేతికి చిక్కిన యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు కూడా నొక్కుతుంది. రాత్రి మీరు నిద్రపోయాక బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ అది తీసుకుంటుంది, మెసేజ్ చెరిపేస్తుంది. తెల్లారి బ్యాలెన్స్ చూసుకునే దాకా మీకు తెలియదు.

పంపింది తెలిసినాయనే అన్నారు కదా, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది అదే. ఆయన పంపలేదు. ఆయన కూడా మీలాగే నొక్కి ఉంటాడు, ఆయన వాట్సాప్ వాళ్ల చేతికి పోయి ఉంటుంది. ఇప్పుడు మీ పేరు మీద ఇంకో గ్రూపులో అదే ఫైలు తిరుగుతుండవచ్చు. కాబట్టి ఆయనకు, గ్రూపుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. ఇట్లాంటి విషయంలో సిగ్గుపడి ఊరుకున్నవాళ్ల వల్లే ఇది ఇంకో పదిమందికి అంటుతోంది.

ఇప్పుడు వరస. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా నుంచి డబ్బు బయటికి పోకుండా ఆపమనండి, యూపీఐ కూడా. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కు వెంటనే చేయండి. ఇది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. 2017లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధన ఒకటి గుర్తుంచుకోండి: తప్పు మీదే అయినా, మీరు బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయిన డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. అందుకే ఎన్ని గంటలకు చేశారో, కంప్లైంట్ నంబరు ఎంతో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ ఫోన్ నుంచి హాష్ గుర్తులతో ఉండే ##002# డయల్ చేస్తే, మీ కాల్స్ ఇంకో నంబరుకు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉన్నా పోతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి మీకు తెలియనివన్నీ తీసేయండి. ఆఖరున ఫోటోలు దాచుకుని ఫోన్ పూర్తిగా రీసెట్ చేయండి. ‘ఏదో యాంటీవైరస్ వేస్తే పోదా’ అని అడగొద్దు.

ఇక్కడ ఫోన్లు తయారుచేసే కంపెనీలకూ నాలుగు మాటలు. బయటి యాప్ వేసేటప్పుడు హెచ్చరిక చూపిస్తున్నాం కదా అంటారు. చూపిస్తారు, చిన్న అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో. కింద ‘అలో’ బటన్ మాత్రం పెద్దగా, రంగుగా ఉంటుంది. ఇక చవక ఫోన్ల సంగతి. కొన్న రోజే అందులో లోన్ యాప్ ఒకటి, గేమ్ యాప్‌లు నాలుగు కూర్చుని ఉంటాయి, తీసేద్దామంటే పోవు. సెక్యూరిటీ అప్‌డేట్ మాత్రం కొన్నాళ్లకే ఆగిపోతుంది. దుకాణం గల్లా పెట్టె మొత్తం ఫోన్‌లోకి మారిన రోజుల్లో ఇట్లాంటి ఫోన్లను వ్యాపారులకు అంటగట్టడం నా లెక్కలో తాళం లేని బీరువా అమ్మడమే.

ప్రశ్న: ముద్ర లోన్ రెండు లక్షలు శాంక్షన్ అయిందని లెటర్ వచ్చింది, పైన గుర్తులు, సంతకాలు అన్నీ ఉన్నాయి. 4,999 ప్రాసెసింగ్ ఫీజు కడితే గంటలో వేస్తారట. కట్టాలా? (పరకాల, టిఫిన్ సెంటర్)

వద్దమ్మా. ముద్ర లోన్ ఇప్పించడానికి ఏజెంట్లు ఎవరూ లేరు. అప్పు ఇచ్చేది మీ బ్యాంకు, మీరు ఎక్కి దిగే బ్రాంచి. ముద్రలో రకాలున్నాయి: శిశు అంటే 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. మీరు బండి మీద అమ్ముతుంటే పీఎం స్వనిధి అనే అప్పు పథకం వేరే ఉంది, దాని మొదటి విడత 2025లో 10,000 నుంచి 15,000కు పెరిగింది. ఇప్పటికే అప్పు ఉంటే, వరద ప్రాంతంగా ప్రకటించిన చోట వాయిదాలు మార్చడానికి బ్యాంకులకు ఆర్‌బీఐ నిబంధనల్లో వీలుంది. అది వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే రాసి ఇచ్చి, బ్యాంకు స్టాంపు వేయించుకున్న కాపీ తెచ్చుకోవాలి.

ఫీజు లేని లోన్ యాప్‌లైతే పర్వాలేదా అని కూడా అడిగారు. కాంటాక్టులు అడిగిందా, తీసేయండి. కాంటాక్టులు, ఫోటోలు చూడకూడదని 2022లోనే ఆర్‌బీఐ చెప్పింది. కట్టడం ఒక రోజు ఆలస్యమైతే మీ పొద్దుటి ఇడ్లీ గిరాకీ మొత్తానికీ ఫోన్లు పోతాయి.

ప్రశ్న: బిల్లింగ్ కంప్యూటర్ నీళ్లలో మునిగింది. స్టాక్ లెక్కలన్నీ అందులోనే. ఇన్సూరెన్స్ వాళ్లు స్టాక్ ప్రూఫ్ అడుగుతున్నారు. ఆరబెట్టి ఆన్ చేయవచ్చా? (హంటర్ రోడ్, హార్డ్‌వేర్ షాపు)

ఆన్ చేయకండి. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. బురద నీళ్లు తాగిన హార్డ్ డిస్క్‌కు కరెంటు ఇస్తే లోపలి ప్లేట్ల మీద మట్టి గీతలు పెడుతుంది, ఆ తర్వాత ఎవరూ ఏం చేయలేరు. తీసి కవర్లో కట్టి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి, వాళ్లు చెప్పే ధర వినడానికి గుండె దిటవు చేసుకోండి. బ్యాకప్ ఎక్కడ అని అడగను. పెన్‌డ్రైవ్ అదే కౌంటర్ సొరుగులో ఉందని మీరే రాశారు.

అయితే మీ లెక్కలు మీరు అనుకున్నంతగా మునగలేదు. జీఎస్టీ పోర్టల్‌లో మీరు వేసిన రిటర్నులన్నీ ఉన్నాయి. అందులో 2బీ అనే స్టేట్‌మెంట్ తీస్తే మీకు సరుకు పంపినవాళ్లు చూపించిన బిల్లులు నెలవారీగా వస్తాయి. మీకు క్యాష్ క్రెడిట్ (సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు) ఉంది కాబట్టి బ్యాంకుకు ఇచ్చిన ఆఖరి స్టాక్ స్టేట్‌మెంట్ బ్రాంచిలో ఉంటుంది. దానికి ఆ తర్వాతి కొనుగోళ్లు కలిపి, అమ్మకాలను కొన్న ధర లెక్కన తీసేస్తే వరద నాటి సరుకు దాదాపు తేలుతుంది. మీ ఆడిటర్‌ను పట్టుకుని ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఇదే పెట్టండి. ఒక చేదు మాట కూడా: పాడైపోయిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి దొరికిన తగ్గింపు) వెనక్కి కట్టాలి. జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్‌లో ఉంది. వరదకు మినహాయింపు లేదు.

ఫోటోలు సర్వేయర్‌కు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన తేదీ, చోటు వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. పాలసీ లేదనుకుంటున్న మిగతా వ్యాపారులు కూడా ఒకసారి లోన్ ఖాతా స్టేట్‌మెంట్ చూసుకోండి. సరుకు మీద అప్పు ఇచ్చిన బ్యాంకు చాలాసార్లు తనే ప్రీమియం కోసుకుని పాలసీ తీస్తుంది, ఆ సంగతి మీకు గుర్తుండదు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అయితే వరద నష్టం అందులోనే ఉంటుంది.

ప్రశ్న: మా బాపు నేత కార్మికుడు. మగ్గం గుంటలో నీళ్లు నిండినయ్, నూలు పోయింది, ఫోన్ పోయింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడదామంటే ఆధార్‌కు ఉన్న ఆ నంబరుకే ఓటీపీ పోతుంది. ఏం చేయాలి? (కొత్తవాడ)

ముందు అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. బాపు స్వయంగా రావాలి. కొత్త సిమ్‌లో మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు పనిచేయవు. అది మోసాలు ఆపడానికి పెట్టిందే, కంగారు పడి మూడుసార్లు షాపుకు తిరగకండి.

మీరు అడిగింది సిమ్ గురించే గానీ, నాకు ఆ పోర్టళ్ల మీద కోపం ఆగడం లేదు. ఫోన్ కొట్టుకుపోయిందని చెప్పుకోవడానికి ఆ ఫోన్‌కే ఓటీపీ. కాగితాలు తడిసిపోయాయని చెప్పడానికి ఆ కాగితాల స్కాన్. మా అక్క కోసం ఒక రాత్రి ఇట్లాంటి దరఖాస్తు నింపాను. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంది. అంత చిన్నది చేస్తే ‘స్పష్టంగా లేదు’ అంది. సరిచేసేలోపు సెషన్ అయిపోయింది, మళ్లీ మొదటి పేజీ. ఇది తయారుచేసినాయన ఏసీ గదిలో, రెండు స్క్రీన్ల ముందు, పొడి కాళ్లతో కూర్చుని చేసి ఉంటాడు. మోకాలి లోతు బురదలో, పగిలిన స్క్రీన్ మీద, చార్జింగ్ ఐదు శాతం ఉండగా ఒక్కసారి నింపి చూస్తే తెలిసేది. ఇట్లా విసిగినప్పుడే మనిషి ‘ఐదొందలిస్తే నేను పెట్టిస్త’ అనేవాడికి ఆధార్ జిరాక్స్, ఓటీపీ రెండూ అప్పగిస్తాడు.

బాపుకు ఒకటి చెప్పండి. 2022–26 విపత్తు సాయం నిబంధనల్లో చేతివృత్తుల వాళ్లకు పాడైన పనిముట్లకు 5,000, ముడిసరుకుకు 5,000 అని పద్దు ఉంది. కిరాణం వాళ్లకు అదీ లేదు. గుంటలో నీళ్లు తోడకముందు తీసిన ఫోటో ఎవరి ఫోన్‌లో ఉన్నా సరే, దానితో చేనేత శాఖ ఆఫీసులో, తహసీల్దార్ దగ్గర కాగితం మీదే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ‘సర్వే’ అంటూ ఇంటికి వేలిముద్ర యంత్రం తెచ్చినవాళ్లకు మాత్రం వేలు పెట్టనివ్వకండి, ఆ ఒక్క ముద్రతో ఖాతాలోంచి డబ్బు తీయవచ్చు. సిమ్ పనిచేయడం మొదలైన రోజే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. బాపు వేలిముద్రతో డబ్బు తీసుకోవాల్సి వచ్చినప్పుడు మీరే తెరిచి, పని కాగానే మళ్లీ మూసేయండి.