హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు సెయింట్ జాన్ ద్వీపానికి వెళ్లొచ్చా? ఎలా ప్లాన్ చేసుకోవాలి?

వెళ్లొచ్చు. సెయింట్ జాన్ ఉన్న యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికా భూభాగమే. కానీ తిరుగు ప్రయాణంలో పక్క ద్వీపం సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు కాగితాలు చూస్తారు. పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ఇంట్లో వదిలేసి వెళ్లకండి. పక్కనే కనిపించే బ్రిటిష్ ద్వీపాలకు పడవ టూర్ అంటే మాత్రం వేరే దేశానికి వెళ్లడమే. తిరిగి అమెరికాలోకి రావాలంటే చెల్లే వీసా కావాలి కాబట్టి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే ఆ ఆశ వదులుకోండి.

సెయింట్ జాన్‌లో ఎయిర్‌పోర్టు లేదు. సెయింట్ థామస్‌లో దిగి, అక్కడి రెడ్ హుక్ రేవు నుంచి ఫెర్రీలో సెయింట్ జాన్‌లోని క్రూజ్ బేకి వెళ్లాలి. ద్వీపంలో సగానికి పైగా 1956లో ఏర్పడిన నేషనల్ పార్కే, అందుకే పెద్ద పెద్ద హోటళ్లు తక్కువ. రూము, జీపు ముందే బుక్ చేసుకోండి. స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది, బండి నడిపేదీ రోడ్డుకి ఎడమవైపే! మొదటి రోజు కాస్త టెన్షనే.

ట్రంక్ బే బీచ్‌లో నీటి అడుగున స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ ఈదడం) దారి ఉంది, టికెట్టు కొనాలి. నన్నడిగితే తాబేళ్లు కనిపించే మాహో బే ఇంకా బాగుంటుంది. పగడపు దిబ్బల కోసం ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్‌ని అక్కడ నిషేధించారు, జింక్ ఆక్సైడ్‌ది కొనుక్కోండి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, ధరలే మండిపోతాయి.