ఎండలు పెరిగితే శ్రీకాకుళంలో కరెంటు వాడకం ఎలా మారుతుంది?

మీరు రెండు అడిగారు: ఎండలు ఇలాగే పెరిగితే ఇంకో పది పదిహేనేళ్ళకి మన ఊళ్ళో కరెంటు వాడకం ఎలా ఉంటుంది, ఇప్పుడు కడుతున్న డాబాకి ఏం చూసుకోవాలి అని. నేను శ్రీకాకుళంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. ఈ పనిలో చూసింది చెబుతాను.

మన దగ్గర అసలు సమస్య మధ్యాహ్నపు ఎండ కాదండీ, రాత్రి ఉక్కపోత. ఒకప్పుడు ఏసీ అంటే బ్యాంకులు, ఆసుపత్రులు, బట్టల షాపులు. ఇప్పుడు బలగ, అరసవల్లి వైపు చిన్న అద్దె పోర్షన్లలో కూడా బిగిస్తున్నాను. అందరూ భోజనాలయ్యాక, పడుకునే ముందు వేస్తారు. పగలంతా కాగిన శ్లాబ్ వేడిని గదిలోకి వదిలేదీ ఆ వేళకే. వీధంతా ఒకేసారి వేసేసరికి వోల్టేజ్ పడిపోతుంది, కంప్రెసర్ స్టార్ట్ కాదు, నాకు ఫోన్లు మొదలవుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా రాత్రిపూట చల్లబడాలి. లోడు, వేడి రెండూ రాత్రే మీద పడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

ఇక తేమ. ఏసీ డ్రెయిన్ పైపు కింద ఒక రాత్రి బకెట్ పెట్టి చూడండి. గాలిలోంచి లీటరు నీరు తీయడానికి ఏసీకి సుమారు 0.2 యూనిట్ ఖర్చవుతుంది. 15 లీటర్లు పడితే, మూడు యూనిట్లు గాలిని ఆరబెట్టడానికే పోయినట్టు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పక్కనే సముద్రం, తేమకు లోటు లేదు. ‘ఒక్క డిగ్రీయే కదా’ అనుకోవడానికి లేనిది ఇందుకే. హైదరాబాదులో బాగా పనిచేసే కూలర్ ఇక్కడ గదిని ఇంకా జిడ్డుగా చేస్తుంది, అందుకని మనవాళ్ళు ఫ్యాన్ నుంచి నేరుగా ఏసీకే వెళ్తున్నారు.

దేశం మొత్తం మీద 2024 మే 30న పీక్ డిమాండ్, అంటే ఒకే వేళలో అందరూ కలిసి లాగే అత్యధిక కరెంటు, 250 గిగావాట్లకు చేరింది. ఏమీ మార్చుకోకపోతే 2050కి మన పీక్‌లో ఏసీల వాటా 10 నుంచి 45 శాతానికి వెళ్ళవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లోనే అంచనా వేసింది. శ్రీకాకుళం లాంటి ఊళ్ళలో పెరుగుదల ఇంకా జోరుగా ఉంటుందని నా నమ్మకం. ఏసీ లేని ఇళ్ళు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి, వాళ్ళందరికీ నిద్ర కావాలి కదా.

మీ ఇంటి విషయానికొస్తే, మొదటి ఖర్చు పైకప్పు మీద పెట్టండి. తెల్ల టైల్స్ గానీ, ఎండని వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింట్ గానీ. డబ్బు సరిపోకపోతే ఏటా వేసవికి ముందు సున్నం కొట్టించినా తేడా తెలుస్తుంది. పడమటి గోడకి పడకగది పెట్టకండి. ఎదురెదురు కిటికీలు తప్పనిసరి. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తాగే మోటారు ఉన్నవి) తీసుకోండి. పాతవి 75 వాట్లు తాగితే ఇవి 30 దగ్గర తిరుగుతాయి. ఏసీని 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే చాలు, పెంచే ఒక్కో డిగ్రీకి కరెంటు దాదాపు 6 శాతం మిగులుతుంది.

సోలార్ మంచిదే, బిల్లు తగ్గుతుంది, కింద శ్లాబ్‌కి నీడ కూడా. కానీ బ్యాటరీ లేకుండా రాత్రి లోడుని అది మోయలేదు. 2018లో తిత్లీ తుఫాను ఉద్దానంలో ఏం చేసిందో చూశాం కాబట్టి ఫ్రేమ్‌ని శ్లాబ్‌కి గట్టిగా బిగించమనండి.

ఔట్‌డోర్ యూనిట్ చోటు ప్లాన్‌లోనే ఉండాలి. పక్కింటి గోడకీ మీ గోడకీ మధ్య ఇరుకు సందులో పెడితే అది వదిలిన వేడి గాలిని మళ్ళీ అదే పీల్చుకుంటుంది. ఇల్లు ఏ ముఖమో, పై అంతస్తు ఎప్పుడు వేస్తారో చెబితే ఎక్కడ పెట్టాలో చెబుతాను.