ఆరో తరగతి బాబుకు కోణాలు ఎలా నేర్పాలి?

మీ బాబు పుస్తకంలో బొమ్మ చూసి అల్పకోణం (90 డిగ్రీల కంటే చిన్నది), అధికకోణం (90 కంటే పెద్దది) అని చెప్పేస్తున్నాడు, ఇంట్లో వస్తువుల్లో చూపించమంటే మాత్రం తెల్లమొహం వేస్తున్నాడు, ప్రొట్రాక్టర్ పెడితే 50కి బదులు 130 రాస్తున్నాడు అని అడిగారు. రెండేళ్ల కిందట మా అమ్మాయి అచ్చం ఇట్లాగే ఉండేది. మాది కర్నూలు. సాయంత్రాలు మా వీధి పిల్లలు ఆరేడుగురికి ఇంట్లోనే లెక్కలు చెబుతాను, వాళ్లలోనూ ఇదే చూశాను. నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందుగా, ఒక వారం ప్రొట్రాక్టర్ బయటికి తీయకండి. కోణం అంటే ఏమిటో తెలియకుండా కొలవమంటే పిల్లవాడు కనిపించిన అంకె రాస్తాడు, అంతే. పుస్తకంలో అన్నీ కదలని గీతలు. కోణం అంటే ఒక గీత నుంచి ఇంకో గీత ఎంత తిరిగింది అన్నది. అది కదిలే వస్తువుల్లోనే బాగా పట్టుబడుతుంది: తలుపు, కత్తెర, గడియారం ముళ్లు.

మా అమ్మాయికి అర్థమైంది కత్తెరలతో. నా దగ్గర బట్ట కత్తిరించే పెద్ద కత్తెర, దారం తెంచే చిన్న కత్తెర ఉన్నాయి. రెండూ ఒకే మాదిరిగా తెరిచి చాప మీద పెట్టి, ఏది పెద్ద కోణం అని అడిగాను. ఆలోచించకుండా పెద్ద కత్తెర చూపించింది. అప్పుడు ఒక చిత్తు కాగితం ఇచ్చి మడవమన్నాను. ఒక మడత పెడితే నిటారు అంచు వస్తుంది. ఆ అంచు దాని మీదికే వచ్చేట్టు ఇంకో మడత పెడితే లంబకోణం, అంటే 90 డిగ్రీలు. ఆ మూలను మళ్లీ సగానికి మడిస్తే 45. ఆ కాగితం మొనను పెద్ద కత్తెర సందులో పెట్టింది, సరిగ్గా పట్టింది. తీసి చిన్నదాంట్లో పెట్టింది. అక్కడా సరిగ్గా పట్టింది. కాసేపు మాట్లాడలేదు. మళ్లీ పెద్దదాంట్లో పెట్టి చూసుకుని, "అమ్మా, రేకులు పొడుగైనా మూల ఒకటే కదా!" అంది. పుస్తకంలో భుజాలు పొడుగ్గా గీసిన కోణాన్ని పెద్దదనుకునే అలవాటు ఆ రోజుతో పోయింది.

చివరి మడత విప్పి మళ్లీ 90 డిగ్రీల మూల చేసుకున్న ఆ కాగితమే వారమంతా దాని చేతిలో ఉంది. తలుపు చట్రం, కిటికీ గ్రిల్లు, బియ్యం డబ్బా మూత, అన్నిటికీ ఆనించి చూసింది. కాగితం మూలకు సరిపోతే లంబకోణం, లోపల ఇమడకపోతే అల్పకోణం, పక్కన ఖాళీ మిగిలితే అధికకోణం. పడక కుర్చీ వీపు అధికకోణమని, ఇస్త్రీపెట్టె మొన అల్పకోణమని తనే కనిపెట్టింది. మీ బాబునూ ఇట్లాగే తిరగనివ్వండి, పేర్లు మీరు ముందే చెప్పొద్దు.

మా నాన్న బేల్దారి మేస్త్రి. బేతంచెర్ల నాపరాళ్లు పరిచి పరిచి చేతులు కాయలు కట్టినాయి. మనవరాలు కాగితం పట్టుకుని తిరుగుతుంటే చూసి, "మూల తప్పిన బండ ఒక్కటి పడితే వరుసంతా వంకర పోతుంది, రా చూపిస్తా" అని వంటింటికి తీసుకుపోయినాడు. ఒక గోడ మీద మూల నుంచి 3 అడుగులకు, పక్క గోడ మీద 4 అడుగులకు సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టమన్నాడు. 5 అడుగులు వస్తే మూల సరిగ్గా 90. మా వంటింట్లో 5 అడుగుల ఒక అంగుళం వచ్చింది. అంటే ఆ మూల దాదాపు 92 డిగ్రీలు. కంటికి తెలియని తేడా టేపుకు దొరికింది. తాత చదివింది ఐదో తరగతి వరకే. ఆయన దగ్గర నా బిడ్డ లెక్క నేర్చుకుంటుంటే నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఇక ప్రొట్రాక్టర్. 50కి 130 రాయడం దాని మీద రెండు వరుసల అంకెలు ఉండటం వల్ల వస్తుంది. కొలిచే ముందు "లంబకోణం కంటే చిన్నదా, పెద్దదా? సుమారుగా ఎంత?" అని నోటితో చెప్పించండి. చిన్నదని చెప్పినవాడు 130 రాయలేడు, చెయ్యి దానంతట అదే ఆగుతుంది. భుజం ఏ వైపు సున్నా మీద ఉందో ఆ వరుసలోనే లెక్కపెట్టుకుంటూ రావాలి. ఇంకొకటి చాలామంది గమనించరు: చాలా ప్రొట్రాక్టర్లలో సున్నా గీత కింది అంచు మీద ఉండదు, కాస్త పైన ఉంటుంది. పిల్లలు అంచును గీతకు ఆనిస్తారు, దాంతో కొలత కొన్ని డిగ్రీలు తప్పుతుంది. భుజం పొట్టిగా ఉండి అంకెల దాకా రాకపోతే స్కేలుతో పొడిగించమనండి. కత్తెర గుర్తుంటే పొడిగించడానికి భయపడడు.

మూడు రెక్కల ఫ్యాన్ ఆపి చూపిస్తే రెక్కకూ రెక్కకూ మధ్య 120. మూడున్నరకు గడియారం చూపించి అడగండి, 90 అంటాడు. మూడు గంటలకైతే 90 నిజమే, కానీ మూడున్నరకు చిన్నముల్లు 3కీ 4కీ మధ్యకు జరిగి ఉంటుంది. గంటకు 30 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అరగంటకు 15. కోణం 75.

బాగా కుదిరాక ఒక రాత్రి మిద్దెక్కండి. ప్రొట్రాక్టర్‌ను తలకిందులు చేసి, నడిమి చుక్క దగ్గర దారం కట్టి నట్టు వేలాడదీయండి. ప్రొట్రాక్టర్ తిన్నటి అంచు వెంబడి ధ్రువనక్షత్రాన్ని చూస్తే దారం ఒక అంకె మీద ఆగుతుంది, దాన్ని 90 నుంచి తీసేస్తే నక్షత్రం ఎత్తు, అంటే అది నేల మట్టం నుంచి ఎన్ని డిగ్రీల పైన ఉందో వస్తుంది. మాకు దారం 72 మీద ఆగింది, అంటే 18. కర్నూలు అక్షాంశం 15.8 డిగ్రీలు. ధ్రువనక్షత్రం ఎత్తు మన ఊరి అక్షాంశానికి దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి చేత్తో కట్టిన దారానికి అది మంచి కొలతే. మా అమ్మాయి లెక్క రాసుకుని, "ఢిల్లీలో పెద్దమ్మ వాళ్ల మిద్దె మీద నుంచి చూస్తే ఇంకా పైన ఉంటుందా?" అని అడిగింది. ఉంటుంది, అక్కడ దాదాపు 28, 29 రావాలి. ఈ వేసవి సెలవులకు ఢిల్లీ పోతున్నాం, దారం, నట్టు ఇప్పటికే దాని బ్యాగులో ఉన్నాయి.