వదిన పోయాక ఇల్లు సర్దుకోవడం గురించి, మేనకోడలికి

చి.సౌ. అమ్మలుకి, గుణుపురం నుంచి మీ అత్త ఆశీస్సులు.

మీ అమ్మ కర్మ అయిపోయాక నేను ఇటు వచ్చేశాను గానీ మనసంతా పర్లాకిమిడిలోనే ఉంది. మొన్న నువ్వు ఫోనులో అడిగినదానికి అక్కడికక్కడే సరిగ్గా చెప్పలేకపోయాను. మాట్లాడబోతే నీకు ఏడుపు, నాకు ఏడుపు. అందుకే రాస్తున్నాను. అన్నయ్య, తమ్ముడు వచ్చే వారం వెళ్ళిపోతారు, మళ్ళీ అందరం ఎప్పుడు కలుస్తామో ఏమో, ఈలోపే అమ్మ సామాన్లు తేల్చేద్దామంటున్నారు అన్నావు. మా అమ్మ పోయినప్పుడూ మా అత్తగారు పోయినప్పుడూ ఈ పని నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఇప్పుడు ఏదీ పంచుకోకండి. ఆ ఇంట్లో మీ నాన్న ఉన్నాడు. అది ముందు మీ అమ్మానాన్నల కాపురం, ఆ తరువాతే మీ పుట్టిల్లు. ఆయన కళ్ళముందే బీరువా ఖాళీ అయితే, వంటింటి అటక మీద బిందెలు దిగిపోతే, మనిషి ఎంత కుంగిపోతాడో ఆలోచించు. ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యేదాకా అమ్మ వస్తువులు ఎక్కడివక్కడ ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ముందు చూసుకోవలసింది సామాన్లు కాదు, రోజు గడవడం. వదిన ఆ ఇంటిని నోటి లెక్కల మీద నడిపింది. పాలవాడికి ఎంత, పనమ్మాయికి ఏ తారీఖున జీతం, పూలమ్మికి ఎన్నాళ్ళ బాకీ, వాయిదాల మీద చీర తీసుకుంటే ఇంకా ఎంత కట్టాలి, ఏ చీటీలో ఎన్ని నెలలు మిగిలాయి, అన్నీ ఆవిడ బుర్రలోనే ఉండేవి. వాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. నువ్వే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి, రాసుకుని, తీర్చెయ్యి. మీ నాన్న మందుల సంగతి మరీ ముఖ్యం. నలభై ఏళ్ళు బ్యాంకు లెక్కలు చూసిన మనిషికి తను వేసుకునే బీపీ మాత్ర పేరు తెలియదు, వదిన టిఫిను అయ్యాక చేతిలో పెడితే వేసుకునేవాడు. డాక్టరు చీటీ చూసి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్జు తలుపుకి అంటించు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, ఏది తిండికి ముందు, ఏది తరువాత, అంతా రాయి. నువ్వు బరంపురం వెళ్ళిపోయిన రోజున పనమ్మాయి అయినా చూసి ఇవ్వగలగాలి.

తిండి కూడా అంతే. ఎండాకాలం పొద్దున్న ఆయనకి చద్దన్నం, ఉల్లిపాయ, వేయించిన బడి (పప్పు వడియం) ఉంటే చాలు. పక్కింటి ఒడియా వాళ్ళు పఖాళ, అదే వాళ్ళ చద్దన్నం, తెచ్చిపెడతామంటే వద్దనకు, మంచి మనసుతో ఇస్తున్నారు. వంటమనిషిని పెట్టుకున్నా ఈ అలవాట్లు ఆవిడకి ముందే చెప్పాలి. కొత్త రుచులు నేర్చుకునే వయసు కాదు ఆయనది.

వదిన ఫోను ఆపెయ్యకండి. గ్యాసు బుకింగు ఆ నంబరు నుంచే, బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. రీచార్జి మానేస్తే కొన్నాళ్ళకి సిమ్ము పోతుంది, నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు. బ్యాంకు పనులు, గ్యాసు పేరు మార్పిడి పూర్తయ్యేదాకా నెలనెలా రీచార్జి చేయించు. అందులో ఆవిడ మనవలకి పెట్టిన వాయిస్ మెసేజీలు ఉంటాయి. వాటిని ఇవాళే వేరే చోట దాచు. ఫోను పాడయ్యాక అనుకుని లాభం లేదు.

ఇక కాగితాలు. మనం ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో బతికేవాళ్ళం కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక కావాలి. వదిన ఉండేది పర్లాకిమిడిలో అయినా ప్రాణం పోయింది శ్రీకాకుళం ఆసుపత్రిలో. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. అంటే డెత్ సర్టిఫికెట్టు శ్రీకాకుళం నుంచే తెచ్చుకోవాలి, పర్లాకిమిడి మునిసిపాలిటీ చుట్టూ తిరిగితే రాదు. 21 రోజుల్లోపు నమోదైతే ఏ పేచీ ఉండదు. ఆసుపత్రివాళ్ళు పంపారా లేదా అని తమ్ముడిని వెళ్ళేలోపే స్వయంగా కనుక్కోమను. పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా రాస్తారు. ఆ ఒక్క అక్షరం తేడా కోసం తరువాత అఫిడవిట్లు చేయించుకుంటూ తిరగాలి. పది పన్నెండు కాపీలు దగ్గర ఉంచుకోండి.

వారసుల సర్టిఫికెట్టు మాత్రం పర్లాకిమిడి తహసీల్దారు ఆఫీసులో తీసుకోవాలి. బ్యాంకులో వదిన పేరున ఉన్న డబ్బు విషయంలో రెండు మాటలు. ఏటీఎం కార్డు ఎవరి దగ్గరున్నా, పిన్ను ఎవరికి తెలిసినా, ఇప్పుడు దాంతో ఒక్క రూపాయి తీయకండి. ఖర్చులకే తీసినా, మనిషి పోయాక తీసిన డబ్బుకి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. నామినీగా మీ అన్నయ్య పేరుందని విన్నాను. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి, అంతే. వారసులందరి తరఫునా అందుకుంటాడు గానీ ఆ డబ్బు ఆయన ఒక్కడిదీ అయిపోదు. ఇది మీ అన్నయ్య మీద అనుమానంతో రాయడం లేదు, వాడు బంగారం లాంటి పిల్లాడు. తెలియక మాట పడతాడేమోనని రాస్తున్నాను. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో బ్యాంకు క్లెయిము తేల్చాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, కాబట్టి ఇచ్చిన ప్రతి కాగితానికీ తారీఖుతో రసీదు తీసుకో.

పాతపట్నం దగ్గర వదినకి వాళ్ళ నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఉంది కదా. వదిన వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది మీ ముగ్గురికీ మీ నాన్నకీ సమాన భాగాలు. ఆడపిల్లవి కాబట్టి నీకు రాదని ఎవరైనా పెద్దమనిషి అంటే ఊరుకోకు. అది ఆంధ్రలో ఉంది కాబట్టి పేరు మార్పిడి అక్కడి ఆఫీసులోనే. నీ వాటా అన్నదమ్ములకి ఇచ్చెయ్యాలని నీకు మనస్ఫూర్తిగా ఉంటే ఇవ్వు, తప్పేం లేదు. కానీ హక్కు వదులుకునే కాగితం మీద ఈ నెలలో సంతకం పెట్టకు. ఏడుస్తూ పెట్టిన సంతకం, ఆలోచించి పెట్టిన సంతకం ఒకటి కావు. ట్రంకు పెట్టెలో పాత స్టాంపు కాగితాలు కనిపిస్తే చెదలు పట్టినవైనా పారెయ్యకండి. 1936కి ముందు మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తాతల నాటి దస్తావేజులు అప్పటివే. తెలుగులో ఉన్నాయని ఇక్కడి ఆఫీసులో చదవలేకపోయినా వాటి విలువ పోదు.

ఏ వస్తువు బయటికి ఇచ్చే ముందైనా ఒకసారి వెతకాలి. వదిన తరం వాళ్ళకి డబ్బు దాచే చోట్లు వేరు. చీర మడతల్లో, బియ్యం డబ్బా అడుగున, పోపుల పెట్టె కింద కాగితంలో, దేవుడి పటం వెనక, పాత క్యాలెండరు సంచిలో. దిండు కుట్టు విప్పి మరీ చూడండి. 2016లో రద్దయిన పాత 500, 1000 నోట్లు దొరికితే అవి చెల్లవు, గుర్తుగా ఉంచుకున్నా పది నోట్లకి మించకూడదు. 2000 నోట్లు దొరికితే మాత్రం కంగారు పడకండి. మామూలు బ్యాంకులో 2023 అక్టోబరు నుంచి తీసుకోవడం లేదు గానీ భువనేశ్వర్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో ఇస్తే, లేదా పోస్టులో పంపితే, ఖాతాలో వేస్తారు.

మందులు ఎవరికీ ఇవ్వకు, పక్కింటావిడకీ అదే షుగరు ఉన్నా సరే. వాకరు, నెబ్యులైజరు లాంటివి శుభ్రం చేసి అవసరం ఉన్నవాళ్ళకి వెంటనే ఇచ్చెయ్యి. ఇవి మాత్రం ఏడాది ఆగనక్కర్లేదు. వాటిని చూస్తే అందరికీ జబ్బు రోజులే గుర్తొస్తాయి.

చీరల దగ్గర నిదానంగా ఉండు. ఆవిడ పెళ్ళినాటి బరంపురం పట్టు ఉంది, గుడి గోపురాల అంచుది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టకు, చెమ్మ పడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చు, లేకపోతే మడత దగ్గరే చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు, వేపాకు చాలు. రోజూ కట్టిన మెత్తటి నూలు చీరలున్నాయే, వాటితో బొంతలు కుట్టించు, మనవలకి తలా ఒకటి. మిగిలినవి పనమ్మాయికి ఇవ్వాలనుంటే ముందు అడుగు. పోయినవాళ్ళ బట్టలు కట్టుకోవడానికి కొందరికి ఇష్టం ఉండదు, మొహమాటానికి తీసుకుంటారు. ఇస్తే ఉతికి, ఇస్త్రీ చేయించి, చిరుగులు లేనివే ఇవ్వు.

ఇత్తడి, కంచు సామాన్ల గురించి మీ చిన్న మరదలు తూకానికి వేసేద్దామందని చెప్పావు. ఆ అమ్మాయి తప్పు కాదు, చిన్న ఫ్లాటులో అంత పెద్ద బిందె ఎక్కడ పెడుతుంది. కానీ అమ్మే ముందు ప్రతి గిన్నె అంచూ తుడిచి పేరు చదవండి. మన వైపు పెళ్ళిళ్ళకి ఇచ్చిన సామాను మీద పేరు, ఊరు కొట్టించేవారు. అందులో సగం శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరుల చేతి పని. మా అమ్మ పేరున్న చెంబు ఒకటి, వదిన వాళ్ళ నాన్న పేరున్న గుండిగ ఒకటి నాకు తెలిసి ఉన్నాయి. పేరున్నవి ఉంచండి, పేరు లేని సత్తు గిన్నెలు, స్టీలు డబ్బాలు ఇచ్చెయ్యండి. ఉంచుకున్నవి అటకెక్కించకుండా వాడుకోండి. ఇత్తడి గిన్నెలో వండాలంటే ముందు కళాయి (లోపల తగరం పూత) పెట్టించాలి, కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచకూడదు. వదిన రాచిప్ప మాత్రం నువ్వు తీసుకో. మీ ముగ్గురిలో చారు కాచేది నువ్వే.

దేవుడి మందిరం గురించి ఎవరూ తొందరపడకండి. మీ నాన్న దీపం పెట్టగలిగినన్నాళ్ళూ అది అక్కడే ఉండాలి. ఆ తరువాత ఎవరు రోజూ దీపం పెడతారో వాళ్ళింటికి వెళ్ళాలి, పెద్దవాడికే వెళ్ళాలని లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్న విషయం రాస్తాను. వదిన పుస్తకాలు. పచ్చళ్ళ కొలతలు, నోముల కథలు, చుట్టాల పెళ్ళిళ్ళకి ఎవరెంత చదివించారో ఆ పద్దులు, మీరు పుట్టినప్పటి తిథి నక్షత్రాలు, అన్నీ ఆవిడ చేతిరాతలో తెలుగులో ఉన్నాయి. నీ పిల్లలు చదివేది ఒడియా, ఇంగ్లీషు. మీ అన్నయ్య పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ఇంకో ఇరవై ఏళ్ళకి ఆ పుస్తకాలు ఆ ఇంట్లో ఎవరూ చదవలేని కట్టలైపోతాయి. పాత కాగితాలవాడికి వేసేది ముందు అవే. దయచేసి అలా జరగనివ్వకు. ఫోనుతో ప్రతి పేజీ ఫొటో తీయించు. తరువాత సాయంత్రాలు మీ నాన్నని కూర్చోబెట్టి చదివించు, పిల్లలు రికార్డు చేస్తారు. ఆయనకీ పొద్దుపోతుంది, వదిన గురించి మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. ఆవకాయ కొలతలు నీ కూతురు ఒడియా లిపిలో రాసుకున్నా సరే, తెలుగు రాదని దాన్ని కోప్పడకు. ముందు విషయం దక్కనీ, నేర్చుకోవాలనిపిస్తే అక్షరాలు నేను నేర్పుతాను.

ఫొటోలు కూడా అంతే. పాత గ్రూపు ఫొటోల్లో ఉన్నవాళ్ళని గుర్తుపట్టేది ఇక మీ నాన్నా, నేనూ మాత్రమే. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయాలి, బాల్ పెన్ను అయితే ఒత్తు ముందుకి పడుతుంది.

బంగారం సంగతి చివర రాస్తున్నాను. మీరు ముగ్గురూ, మీ నాన్న ఉండగా కంసాలి దగ్గర తూకం వేయించి, ఏది ఎంతుందో కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టి, తిరిగి మీ నాన్న దగ్గరే ఉంచండి. వదిన నాతో చెప్పిన మాట ఒకటుంది: కాసులపేరు పెద్ద కోడలికి, గాజులు చిన్న కోడలికి, రాళ్ళ నెక్లెసు నీకు. అప్పుడు మీ నాన్న కూడా అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఈ సంగతి నీ ఒక్కదానికే కాదు, మీ అన్నయ్యకీ తమ్ముడికీ కూడా ఇదే మాటల్లో రాశాను. ఒకరి చెవిన పడి ఒకరి చెవిన పడకపోతే పేచీలు మొదలవుతాయి. అయినా నేను చూసిన ఇళ్ళలో బంగారం దగ్గర గొడవలు తక్కువే. కుంకుమ భరిణె దగ్గర, కవ్వం దగ్గర, అమ్మ కూర్చునే పీట దగ్గర మనసులు విరిగాయి. అందుకని సంవత్సరీకానికి అందరూ వచ్చినప్పుడు ముందు చిన్న వస్తువులే బయట పెట్టండి. మీ నాన్నకి కావలసింది ఆయన తీసుకున్నాక, ఎవరికి ఏది ఎందుకు కావాలో నోరు తెరిచి చెప్పండి. ఇద్దరికి ఒకటే కావాలంటే ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టండి, చీట్లు వేయకండి. కోడళ్ళిద్దరినీ కూడా అడగండి. వాళ్ళూ ఆవిడ చేతి అన్నం తిన్నారు.

వదిన మంచం తీసెయ్యాలా ఉంచాలా అని అడిగావు. అది నువ్వూ నేనూ చెప్పే మాట కాదు, మీ నాన్నని అడుగు. ఆయన జవాబు చెప్పకపోతే ఉంచెయ్యి.

ఆదివారం ప్యాసింజరుకి నేను వస్తున్నాను, వారం ఉంటాను. ఈలోపు పుస్తకాలు, ఫొటో ఆల్బములు ఒక చోట చేర్చి పెట్టు, రెండు పెన్సిళ్ళు కొని ఉంచు. పనమ్మాయి లెక్క నేను వచ్చాక చూద్దాం, పాలవాడికి మాత్రం రేపే ఇచ్చెయ్యి. నువ్వు వేళకి తింటున్నావో లేదో మీ నాన్నని అడుగుతాను, అబద్ధం చెప్పకు.

మీ అత్త