అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు: ఇది ఆటలమ్మేనా?

బాబుకి మూడేళ్లు, రెండు రోజులు జ్వరం వచ్చి ఇప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు లేచాయి, అన్నం ముట్టడం లేదు, ఆటలమ్మేనా అని అడిగారు. చూడకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు గానీ, మీరు రాసిందంతా మా పాపకి కిందటి వానాకాలంలో వచ్చిన వైరస్ జబ్బు హ్యాండ్ ఫుట్ మౌత్‌లాగే ఉంది.

మేముండేది విశాఖ మద్దిలపాలెంలో. అప్పటికి పాపకి మూడేళ్లు నిండలేదు. మొదటి రోజు జ్వరం, మర్నాడు పాలగ్లాసు నోటికి అందిస్తే ఒక్క గుక్క తాగి ఏడుపు లంకించుకుంది. చొంగ కారిపోతోంది, మింగడం లేదు. టార్చి వేసి చూస్తే నాలుక అంచున, బుగ్గ లోపల సగ్గుబియ్యం గింజంత పుళ్లు. సాయంత్రానికి అరచేతుల్లో ఎర్రమచ్చలు, తెల్లారేసరికి అరికాళ్లలో, పిర్రల మీద కూడా. మా అత్తగారు "అమ్మవారు పోసిందే" అని వేపమండలు తెచ్చి పక్క మీద పరిచేశారు. ఆవిణ్ణి తప్పుపట్టను, చూసీచూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

తేడా మాకు పిల్లల డాక్టరుగారు చెప్పారు. ఆటలమ్మ మామూలుగా ముఖం, పొట్ట, వీపు మీద మొదలవుతుంది, దురద విపరీతం, ఒకే పూట ఒకచోట ఎర్రమచ్చ, పక్కనే నీటిపొక్కు, ఇంకోచోట పక్కు కట్టినది, అన్నీ కలిసి కనిపిస్తాయి. హ్యాండ్ ఫుట్ మౌత్ ఎక్కువగా చేతులు, కాళ్లు, నోరు పట్టుకుంటుంది, ఐదేళ్లలోపు పిల్లలకే ఎక్కువ. తట్టు అయితే అసలు నీటిపొక్కులే ఉండవు: జ్వరం, దగ్గు, కారే ముక్కు, ఎర్రటి కళ్లు, మూడు నాలుగు రోజులకి చెవుల వెనక నుంచి మొదలై ఒళ్లంతా దిగే ఎర్రటి దద్దు. బాబుకి 9 నెలలప్పుడు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఎమ్మార్ (తట్టు, రుబెల్లా) టీకా పడిందో లేదో కార్డు తీసి ఒకసారి చూసుకోండి.

ఇక మందు. ఇది వైరస్, యాంటీబయాటిక్‌తో తగ్గదు. మాకు మొదట చూపించిన చోట యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చారు, రెండు రోజులు పోశాం, పాపకి విరేచనాలు పట్టుకున్నాయి, అసలే నోరు తెరవని పిల్ల ఇంకా నీరసించిపోయింది, ఆ రెండు రాత్రులు తలచుకుంటే ఇప్పటికీ బాధే. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్, అదీ డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదులోనే. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఎప్పుడూ వద్దు.

అన్నం నాలుగు రోజులు తినకపోయినా పరవాలేదండీ, నీళ్లు తాగకపోతేనే ప్రమాదం. మా పాప వేడివి, పులుపువి, కారంవి ముట్టలేదు. చల్లారిన చోడి (రాగి) అంబలి, కొబ్బరినీళ్లు చెంచాతో పది నిమిషాలకోసారి పోస్తే కొంచెం కొంచెం మింగేది. నేను గంటలు లెక్కపెట్టుకున్నది దాని ఉచ్చ గురించే. ఆరు గంటలైనా పోయకపోయినా, మగతగా పడుకుని లేపితే లేవకపోయినా, ఆగకుండా వాంతులైనా, నిద్రలో ఉలిక్కిపడుతూ ఉన్నా, జ్వరం మూడు రోజులు దాటినా ఆగకుండా తీసుకెళ్లిపోండి, రాత్రయితే పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కైనా సరే. మన విశాఖలో వానల్లో డెంగీ కూడా ఉంటుంది కాబట్టి పొక్కులు ఉన్నాయి కదా అని దాన్ని మర్చిపోవద్దు. డెంగీలో జ్వరం తగ్గినప్పుడే కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి మొదలవుతాయి, అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉందన్నారు. బాబు గ్లాసు, తువ్వాలు వేరు పెట్టండి. పొక్కులు మానిపోయినా విరేచనంలో వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది, కాబట్టి బాబుకి ముడ్డి కడిగిన ప్రతిసారీ మీ చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కోండి, శానిటైజర్ ఒక్కటే సరిపోదు.

మాకు వారం, పది రోజుల్లో అంతా సర్దుకుంది. నెలన్నర తర్వాత ఒకరోజు స్నానం చేయిస్తుంటే పాప బొటనవేలి గోరు మొదట్లోంచి లేచిపోయి నా చేతిలోకి వచ్చింది, ప్రాణం పోయినంత పనైంది, పరుగెత్తుకెళ్లాం. ఇది వచ్చినవాళ్లలో కొందరికి అలా ఊడుతుందట, నొప్పి ఉండదు, చూస్తే కింద కొత్త గోరు అప్పటికే మొలుస్తోంది.